మా అమ్మాయి ఆటలో గ్రాకిల్ పిట్ట

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలావాటికి అన్నం పెడుతున్నది సాఫ్ట్‌వేరే కనుక, పిల్లలు కోడింగ్ నేర్చుకుంటున్నారంటే దాన్ని చదువు ఖాతాలోనూ, బొమ్మలు వేసుకుంటున్నారంటే కాలక్షేపం ఖాతాలోనూ రాసుకోవడం మాకు అలవాటు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఒక టూడీ వీడియో గేమ్ తయారు చేస్తానన్నప్పుడు మా స్నేహితులు మెచ్చుకున్నది కూడా అందులోని కోడింగును చూసే. బొమ్మల సంగతి ఎవరూ అడగలేదు. పక్కన కూర్చుని చూస్తూ వచ్చిన నాకు మాత్రం, అటువంటి ఆటలో ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో చిత్రం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమనిపిస్తోంది. పైగా మా ప్రాంతపు సంగతులు ఆమె పనిలోకి ప్రవేశించింది బొమ్మల దారినే.

ఆమె మొదట నేర్చుకున్నది స్క్రాచ్. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ఈ సాధనంలో రంగు దిమ్మెలను ఒకదానికొకటి తగిలించి తెరమీది బొమ్మను నడిపించవచ్చు. అది సరిపోని దశ వచ్చాక గోడో అనే గేమ్ ఇంజిన్‌కు, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు మారింది. 2014 నుంచి ఇది సోర్స్ కోడుతో సహా ఉచితంగా అందరికీ దొరుకుతోంది. దాని భాష చూడటానికి పైథాన్‌లా ఉంటుంది. గోడోలో తెర మూలబిందువు ఎడమవైపు పైమూలన ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ వై విలువ పెరుగుతుంది. లెక్కల తరగతిలో గ్రాఫు కాగితం మీద నేర్చుకున్నదానికి ఇది తలకిందులు కాబట్టి, పైకి ఎగరాలంటే వేగానికి ముందు మైనస్ గుర్తు పెట్టాలన్న సంగతి ఒంటబట్టడానికి ఆమెకు సమయమే పట్టింది. గురుత్వాకర్షణ విలువ అందులో ముందుగానే 980 అని ఉంటుంది. మీటరుకు వంద పిక్సెళ్ళు అనుకుంటే భౌతికశాస్త్ర పుస్తకంలోని 9.8 అదే. కొన్ని వారాల్లో పిల్లల చేత యాప్ చేయిస్తామనే తరగతులకు మా వైపు కొదవ లేదు గానీ, ఈ మైనస్ గుర్తు దగ్గర తీరిగ్గా తికమకపడే వీలు వాటిలో ఉంటుందని నేననుకోను.

ఫ్రిస్కోలో 2016లో తెరిచిన నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం మాకు దగ్గరే. పాత యంత్రాలను చూస్తే ఆనాటి చిత్రకారులు ఎంత ఇరుకులో పనిచేశారో తెలుస్తుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో ఆకాశంలోని మేఘమూ నేలమీది పొదా ఒకే బొమ్మ, రంగు ఒక్కటే వేరు. మెమరీ చాలక పుట్టిన ఆ ఉపాయం మా అమ్మాయికి తెగ నచ్చింది. తన ఆటలో ఒకే ఆకును తిప్పి, కుదించి, రంగు మార్చి చెట్టంతా నింపేసింది.

తెలుగింటి పిల్ల ఆట చేస్తోందనగానే అందులో హనుమంతుడు ఉంటాడనో, కనీసం ఒక రాకుమారుడైనా ఉంటాడనో మా వాళ్ళు అనుకున్నారు. ఆమె ఎంచుకున్నది గ్రాకిల్ పిట్టను. టెక్సాస్ ఊళ్ళలో సాయంత్రమయ్యేసరికి కిరాణా దుకాణాల పార్కింగ్ స్థలాల్లో వందలుగా చేరి, తీగల మీదా చెట్ల మీదా గోలచేసే నిగనిగలాడే నల్లపిట్ట అది. ఇక్కడ పుట్టిన పిల్లకు పురాణ పురుషులకంటే పార్కింగ్ స్థలమే దగ్గర. అది నాకు లోటుగా తోచలేదు. మొదట 32 పిక్సెళ్ళ చదరంలో ఆ పిట్టను వేసింది. రెక్క పైకి, మధ్యకు, కిందికి వేరువేరు బొమ్మలు గీసి వెంటవెంటనే చూపించే పద్ధతి అది. ఎగరడం బాగానే వచ్చింది గానీ, మెడ తిప్పి, తోక విప్పి నిలబడే గ్రాకిల్ వయ్యారం ఆ చిన్న చదరంలో పట్టలేదు.

ఆ సమయంలోనే, ధర్మవరంలో ఉంటున్న మా అమ్మ వీడియో కాల్‌లో తన ఇంట్లోని తోలుబొమ్మ దీపాన్ని చూపించింది. ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును వెలుతురు దూరేంత పలచగా గీకి, బొమ్మ గీసి, నగల చోట ఉలితో చిల్లులు కొట్టి, రంగులు అద్ది, భుజం, మోచేయి వంటి కీళ్ళ దగ్గర దారంతో కడతారు. ముఖాలు ఎక్కువగా పక్కచూపుతో ఉంటాయి. ముక్కలుగా గీసి కీళ్ళ దగ్గర కలపడం అనే పద్ధతి గోడోలోనూ ఉంది. మా అమ్మాయి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో పిట్టను పెద్దదిగా మళ్ళీ గీసి, తల, మెడ, ఒళ్ళు, రెక్క రెండు ముక్కలు, తోక విడివిడిగా కత్తిరించింది. ఒంటికి రెక్క మొదలునూ, ఆ మొదలుకు రెక్క కొసనూ తగిలిస్తే, మొదలు తిరిగినప్పుడు కొస దాని వెంటే తిరుగుతుంది. తిరిగే బిందువు కీలు దగ్గరే ఉండాలి. అది కాస్త జరిగితే రెక్క ఒంటినుంచి ఊడివచ్చినట్టు కనిపిస్తుంది. రెక్క ఆగకుండా ఊగాలంటే ఏం చేయాలని అడిగినప్పుడు, ఆమె తరగతికి ఇంకా రాని సైన్ ఫలనాన్నీ రేడియన్లనూ నేను కాగితం మీద వివరించాను. బొమ్మ అడిగింది కాబట్టి విసుక్కోకుండా వింది.

ఇక వెలుతురు. బొమ్మ వెనుక పసుపు వన్నె పొర పెట్టి, ముక్కలను కొంచెం పారదర్శకంగా చేసింది. రెక్క ఒంటిమీదికి వచ్చినచోట నల్లటి మచ్చ ఏర్పడింది. ప్రోగ్రామర్లు దీన్ని లోపం కిందే లెక్కగట్టి, ముక్కలన్నిటినీ ఒకే బొమ్మగా కలిపి చూపించే ఏర్పాటు చేస్తారు. నేనూ అదే సూచించాను. అవసరం లేదంది. వెలుతురు రెండు తోళ్ళను దాటి రావాల్సినచోట నిజమైన తోలుబొమ్మ కూడా నల్లబడుతుందని అవ్వ పంపిన వీడియో ఆపి చూపించింది. మచ్చ ఉండిపోయింది.

పిట్ట మెడలో చిల్లుల హారం, తలమీద తురాయి చూసి మా అమ్మ, “ఏమే, కాకికి నగలు పెడితివే!” అని నవ్వింది. అది కాకి కాదని అవ్వకు తెలుగులో నచ్చజెప్పడానికి మా అమ్మాయి చాలాసేపే తంటాలు పడింది.

ఆట పేరు తెలుగులో ఉండాలన్నది ఆమె కోరికే. పాత గోడోలో మన వత్తులూ గుణింతాలూ చెల్లాచెదురయ్యేవి. 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో అక్షరాలు సరిగ్గా కూడుకుంటున్నాయి. పాత ఆటల్లోలా అక్షరానికి ఎనిమిది పిక్సెళ్ళ చదరం కేటాయిస్తే ఇంగ్లీషుకు సరిపోతుంది గానీ, పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరానికి చాలదు. అందుకని పేరును ఫాంటుతో రాయకుండా, చిల్లులతో సహా బొమ్మగానే గీస్తోంది.

వచ్చే ఏడాదికి ఐచ్ఛిక విషయాలు ఎంచుకునే కాగితం బడినుంచి వచ్చినప్పుడు, కంప్యూటర్ సైన్సూ చిత్రకళా ఒకే పీరియడ్‌లో పడ్డాయి. ఆమె చిత్రకళకు టిక్కు పెట్టింది, మేము సంతకం చేశాం. ఇంత చక్కగా కోడింగ్ వచ్చిన పిల్ల చేత దాన్ని ఎలా మాన్పించారని గుడిలో కలిసిన స్నేహితులొకరు అడిగారు. మాన్పించలేదు. ఇంట్లో భార్యాభర్తలిద్దరమూ ప్రోగ్రామర్లమే కనుక ఆ సందేహాలు రాత్రి భోజనాల దగ్గరే తీరిపోతాయి. బొమ్మ గీయడం నేర్పగలిగినవాళ్ళే మా ఇంట్లో లేరు.