రాత్రి ఆకాశంలో ఆకుపచ్చ గీత

చంద్రుడు లేని రాత్రి, ఊరి దీపాలకు ఎంత దూరం వెళ్లి నిలబడినా ఆకాశం పూర్తిగా నల్లగా ఉండదు. నక్షత్రాల వెలుగును పక్కన పెట్టినా ఒక మసక వెలుతురు మిగులుతుంది. అందులో కొంత మన గాలి నుంచే వస్తుంది. పగటివేళ సూర్యుని అతినీలలోహిత కిరణాలు విడగొట్టిన ఆక్సిజన్ పరమాణువులు రాత్రి మళ్లీ జతకూడేటప్పుడు వెలువడే శక్తిలో కొంత కాంతిగా మారుతుంది. దీన్ని ఎయిర్‌గ్లో అంటారు. కంటికి రంగు తెలియని ఈ వెలుతురును స్పెక్ట్రోస్కోప్‌తో రంగుల పట్టీగా, అంటే వర్ణపటంగా, విడదీసి చూస్తే, 557.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆకుపచ్చ గీత స్పష్టంగా నిలుస్తుంది.

స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ 1860లలోనే ధ్రువకాంతిలో, అంటే ధ్రువ ప్రాంతాల ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులో, ఈ గీతను గుర్తించినా, అది ఏ మూలకానిదో అర్ధ శతాబ్దం దాటినా తేలలేదు. కారణం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఉత్తేజితమైన ఆక్సిజన్ పరమాణువు ఈ కాంతిని విడుదల చేయడానికి సగటున ముప్పావు సెకను పడుతుంది. మామూలు సాంద్రత ఉన్న వాయువులో ఆలోపే మరో అణువు ఢీకొని ఆ శక్తిని లాక్కుపోతుంది. దాదాపు 97 కిలోమీటర్ల ఎత్తున గాలి బాగా పలచబడి ఉండడం వల్లే అక్కడ ఆ గీత వెలుగుతుంది. 1925లో టొరంటోలో మెక్‌లెనన్, ష్రమ్ ప్రయోగశాలలోనే దాన్ని పుట్టించి, అది ఆక్సిజన్‌దేనని నిరూపించారు. అదే ఆక్సిజన్ ఇచ్చే 630 నానోమీటర్ల ఎర్ర గీతకైతే పరమాణువు దాదాపు రెండు నిమిషాలు ఆగాలి. అందుకే అది 200 కిలోమీటర్లకు పైనే కనిపిస్తుంది.

మనుషులు వెలిగించిన దీపాలు కూడా ఇదే వర్ణపటంలో చేరతాయి. పాదరసపు దీపం 546.1 నానోమీటర్ల దగ్గర సన్నని గీత గీస్తుంది కనుక ఆ ఒక్క భాగాన్ని వదిలేసి మిగతాది చదువుకోవచ్చు. తెల్లని ఎల్ఈడీ అలా కాదు. 450 ప్రాంతంలో నీలపు గుట్టతో మొదలై ఎరుపు దాకా పరుచుకుని, గీతల మధ్య చీకటిగా ఉండవలసిన చోటును కూడా నింపేస్తుంది. లద్దాఖ్‌లోని ఖగోళ పరిశోధనశాల ఉన్న హాన్లేలో చీకటిని కాపాడుకోవడానికి చేస్తున్న కృషి విలువ నాకు ఇక్కడే బోధపడుతుంది. వీధిదీపాలు మారుతున్న మన పట్టణాల మీది ఆకాశానికి కూడా ఏటా ఒకే చోటు నుంచి వర్ణపటం తీసి భద్రపరచాలని, కళాశాలల భౌతికశాస్త్ర విభాగాలు ఆ పని చేపట్టాలని నా కోరిక.