టైలర్ లూర్ల పెట్టె: పెర్త్ బీచ్‌లో వేసవి ముగిసేసరికి

టైలర్ అంటే పదునైన దంతాలున్న, వేటాడే సముద్రపు చేప. దానికి ఎరగా విసిరేది లూర్, అంటే మేత చేపలా మెరిసే, హుక్ తగిలించిన లోహపు ముక్క. పెట్టెలో ఇప్పుడు ఉన్నవి ముఖ్యంగా మూడు బరువులు: 20, 30, 40 గ్రాములు. 55 గ్రాములవి ఒకటి రెండు ఉన్నా అవి బాగా గాలి వీచే రోజుకే. 10, 15 గ్రాములవి నది ఒడ్డున వాడే చిన్న రాడ్ సంచిలోకి వెళ్లిపోయాయి. ఈ సీజన్‌లో చేసిన పెద్ద మార్పు ఒక్కటే. ఇంతకుముందు రంగును బట్టి సర్దిన అరలను ఇప్పుడు బరువును, పొడవును బట్టి సర్దాం.

వేసవిలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ తీరాన మధ్యాహ్నం తిరిగాక నైరుతి నుంచి సముద్రపు గాలి లేస్తుంది. అక్కడివాళ్లు దాన్ని ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అంటారు. టైలర్ గట్టిగా మేతకు దిగేది తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకే ముందు. అంటే సాయంత్రం విసురు చాలావరకు ఎదురుగాలిలోనే. అప్పుడు 20 గ్రాములది ఇసుక తిన్నె అవతలికి వెళ్లదు, 40 కావాలి. కానీ చేపలు 6–7 సెంటీమీటర్ల వైట్‌బైట్ అనే చిన్న మేత చేపల మీద పడి ఉంటే, అంతకంటే పొడవున్న 40 గ్రాముల లూర్ వెంట వచ్చి, ముట్టుకోకుండానే తిరిగిపోతాయి.

ఈ పేచీ తీర్చేది లూర్‌ను ఏ లోహంతో చేశారన్నదే. 40 గ్రాముల సీసం ఘనపరిమాణం సుమారు 3.5 ఘన సెంటీమీటర్లు, అదే బరువు జింకుది 5.6. కాబట్టి సీసపు లూర్ పొట్టిగా ఉంటుంది, గాలిని చీల్చుకుని పోతుంది, త్వరగా మునుగుతుంది. జింకుది పెద్దగా కనిపిస్తుంది, నెమ్మదిగా తిప్పినా పైనే ఈదుతుంది. అందుకే ఎదురుగాలికి, చిన్న మేతకు సీసం. గాలి లేని ఉదయాలకు, లోతు తక్కువ ఉన్న గట్టర్లకు (ఇసుక తిన్నెల మధ్య నీటి పల్లాలకు), మన కవళ్ల లాంటి మూలీలు తిరుగుతున్నప్పుడు జింకు. ప్యాకెట్ మీద బరువొక్కటే చూసి కొంటే ఈ తేడా తెలియదు. రెండింటినీ చేతిలో పక్కపక్కన పెట్టి పొడవు చూడాలి.

ఆకారం సంగతి. హాల్కో ట్విస్టీ లాంటి మెలితిరిగిన లూర్లు నెమ్మదిగా లాగినా మెరుస్తూ ఊగుతాయి. వేగం పెంచితే గిరగిరా తిరిగి బ్రెయిడ్‌కు (రీల్‌కు చుట్టిన అల్లిక దారానికి) మెలికలు పెడతాయి. లీడర్ (లూర్‌కు ముందు కట్టే మందపాటి దారం) పైన మంచి స్వివెల్ (గుండ్రంగా తిరిగే చిన్న కీలు) ఒకటి ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. తోక వైపు బరువున్న సన్నని బద్ద ఆకారపు లూర్లు దూరం పోతాయి, కాకపోతే వాటికి కాస్త వేగం కావాలి. రంగు గురించి ఎక్కువ ఆలోచించడం దండగ. క్రోమ్ ఒకటి, తెలుపో గులాబీయో ఒకటి ఉంటే చాలు. నాలుగు చేపలు కొరికేసరికి పెయింట్ ఎలాగూ ఊడిపోతుంది.

చేపలు ఎక్కువగా తప్పిపోయేది హుక్ దగ్గర. కొన్నప్పుడు వచ్చే ట్రెబుల్స్ (మూడు కొనల హుక్‌లు) అన్నీ తీసేసి ఒంటి హుక్‌లు పెట్టడం పూర్తయింది: 20 గ్రాములకు 1/0 సైజు, 30కి 2/0, 40కి 3/0, అన్నీ కన్ను అడ్డం తిరగని ఇన్‌లైన్ రకం. టైలర్ వెనక నుంచి వచ్చి తోకను కొరుకుతుంది కాబట్టి హుక్ తోకకే. గాలిలోకి ఎగిరి తల విదిలిస్తే బరువైన లూర్ మీటలా పనిచేసి హుక్‌ను పెకలిస్తుంది. హుక్‌ను లూర్‌కు తగిలించే స్ప్లిట్ రింగ్ ఒకటికి రెండు వేస్తే లూర్ స్వేచ్ఛగా ఊగి ఆ ఒత్తిడి తగ్గుతుంది. చేప ఎగిరేటప్పుడు రాడ్ కొన కిందికి దించి, దారం మాత్రం బిగువుగానే ఉంచాలి. ఒంటి హుక్ వల్ల ఇంకో లాభం, చిన్న చేపను ప్లయర్‌తో త్వరగా విడిపించి వదిలేయొచ్చు.

లీడర్ 35 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం), మీటరు పొడవు. దంతాలు ఎక్కువగా లోహానికే తగులుతాయి కాబట్టి ‘చాపర్’ (చిన్న టైలర్) సైజుకు లోహపు తీగ అక్కర్లేదు. ‘గ్రీన్‌బ్యాక్’లు (పెద్ద టైలర్లు) తిరుగుతుంటే 10 సెంటీమీటర్ల తీగ వేస్తాం. నీళ్లు తేటగా ఉంటే దానివల్ల కాట్లు తగ్గుతాయి, అయినా వేయక తప్పదు. ప్రతి చేప తర్వాత లీడర్ చివరి జానెడును వేళ్ల మధ్య లాగి చూడాలి. గరుకు తగిలితే కత్తిరించి మళ్లీ కట్టాలి.

రాడ్ 10 అడుగులది, 20–60 గ్రాములు విసిరేది. రీల్ 4000 సైజు, బ్రెయిడ్ 20 పౌండ్లది. లూర్ నీళ్లను తాకే ముందు స్పూల్ (రీల్‌లో దారం చుట్టుకునే చక్రం) అంచును వేలితో తాకి వేగం తగ్గించాలి. లేకపోతే హుక్ లీడర్‌కే చిక్కుకుంటుంది, ఆ విసురు మొత్తం వృథా. బెయిల్ (రీల్ మీద దారాన్ని పట్టే కమ్మీ) చేత్తోనే మూసి, దారం ఒకసారి బిగించాకే తిప్పడం మొదలుపెట్టాలి. బ్రెయిడ్‌లో పడే చిక్కుముళ్లలో చాలావరకు అక్కడ వదులుగా చుట్టుకున్న దారం వల్లే.

ఇక లాగే తీరు. రాడ్ కొనలో సన్నని వణుకు తెలుస్తుంటే వేగం సరిపోయినట్టే. లూర్ నీటిపైకి ఎగిరితే వేగం ఎక్కువ, ఇసుక గీకితే తక్కువ. అల ఒడ్డుకు తోస్తున్నప్పుడు దారం వదులవుతుంది, అప్పుడు వేగంగా తిప్పాలి. వెనక్కి గుంజేటప్పుడు నీళ్లే లూర్‌ను ఆడిస్తాయి, అప్పుడు నెమ్మదించాలి. చివరి పది మీటర్లలోనే, తెల్ల నురగ కింద, చాలా కాట్లు పడతాయి. తొందరపడి లూర్‌ను పైకి లాగేయకూడదు. చీకటి పడ్డాక మెటల్ పక్కన పెట్టి, ఒకదానికొకటి తగిలించిన వరుస హుక్‌ల మీద మూలీ గుచ్చడమే నయం.

కొత్తగా ఆస్ట్రేలియా వచ్చిన మనవాళ్లకు: పశ్చిమ ఆస్ట్రేలియాలో సముద్రపు ఒడ్డు నుంచి గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు, న్యూ సౌత్ వేల్స్‌లో రుసుము కట్టాలి. టైలర్ కనీస పొడవు ఈ రెండు చోట్లా 30 సెంటీమీటర్లు, క్వీన్స్‌లాండ్‌లో 35. రోజుకెన్ని ఉంచుకోవచ్చో మారుతుంటుంది కాబట్టి బయల్దేరే ముందు ఆ రాష్ట్ర మత్స్యశాఖ పేజీ చూసుకోవాలి. ఉంచుకునే చేపను పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి రక్తం వదిలించి ఐసులో పెట్టాలి. ఆలస్యమైతే మాంసం మెత్తబడి వేపుడులో విడిపోతుంది.

తర్వాతి పని: ఇంటికి రాగానే వాడిన లూర్లను మంచినీళ్లలో ముంచి, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టడం. తుప్పు పట్టిన ఒక్క హుక్ అర మొత్తాన్ని పాడుచేస్తుంది. 30 గ్రాముల సీసపువి తగ్గాయి, ఏప్రిల్‌కి ముందే నాలుగు కొనాలి.