స్పిట్‌ఫైర్ షాకప్‌లు: అర చుట్టు దగ్గర ఆగిన పని

బండి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 4, పాత బ్రిటిష్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నాలుగు చక్రాలకూ కోని కంపెనీ క్లాసిక్, అదే బిగువు మార్చుకోగలిగే ఎర్ర షాకప్‌లు. బిగించినప్పటి నుంచి నాలుగూ సున్నా మీదే, అంటే అతి మెత్తటి సెట్టింగ్ మీదే ఉన్నాయి. డబ్బాలోంచి వచ్చేదీ అలాగే. కంప్లయింట్ ఒక్కటే: స్పీడ్ బ్రేకర్ దిగాక ముక్కు ఒకసారి లేచి కుదురుకోవాల్సింది పోయి రెండోసారీ తలూపుతోంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 90 దాటితే పడవ లెక్క తేలుతోంది.

ముందు గాలి సంగతి

షాకప్ మీద చెయ్యి వేసే ముందు టైర్లలో గాలి చూడాలి. చెప్పకపోతే బంకులో ప్రతి కారుకీ 30, 32 కొట్టేస్తారు. ఈ బండికి రేడియల్ టైర్ల మీద ముందు 21, వెనక 26 పీఎస్ఐ, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. ముందు ఇంత తక్కువేంటని అనుమానం వద్దు. వెనక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రంతో పాటు వాలే ఇరుసు, కాబట్టి మలుపులో వెనక భాగం ముందుగా జారకుండా పెట్టిన తేడా అది. 30 కొట్టిన టైరు తానే బంతిలా ఎగురుతుంది. ఆ గెంతును షాకప్ ఆపలేదు, బిగిస్తే ఇంకా పెరుగుతుంది. గాలి సరిచేశాక గతుకుల్లో కటువుతనం సగానికి సగం పోయింది. తలూపడం మాత్రం అలాగే ఉంది, కాబట్టి అది షాకప్ పనే.

షాకప్ ఎలా ఉందో నొక్కి చూసే పరీక్ష బానెట్ మీద చేయకూడదు. ఒకటే పెద్ద రేకు, సొట్ట పడుతుంది. బానెట్ ముందుకు ఎత్తేసి, స్ప్రింగ్ పైన ఉన్న టరెట్ (స్ప్రింగ్, షాకప్ పై చివర బిగించే ఇనుప గూడు) మీద రెండు చేతులా బరువు వేసి వదలాలి. బానెట్ ఎత్తే ఉంటుంది కాబట్టి షాకప్ పనిచేయడం కంటికి కనిపిస్తుంది.

విప్పడం

ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేపాలి. ఒక్క పక్కే లేపితే రెండు పక్కలనూ కలిపే యాంటీ రోల్ బార్ కడ్డీ ఆ పక్క విష్‌బోన్‌ను (చక్రాన్ని చాసిస్‌కు కలిపే చేతిని) మెలిపెట్టి పడుతుంది, కింది బోల్టు రాదు. చాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి; జాకీని నమ్ముకుని చెయ్యి లోపల పెట్టొద్దు. టరెట్ మీద మూడు నట్లు, కింది విష్‌బోన్‌లో ఒక పొడుగు బోల్టు. అంతే, స్ప్రింగ్‌తో సహా మొత్తం ఒకే ముక్కగా బయటికొస్తుంది.

నట్లు యూఎన్‌ఎఫ్, అంటే అంగుళాల మరవి; పానాలు కూడా ఏఎఫ్, అంటే అంగుళాల కొలతవే కావాలి. అర అంగుళం నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా పడుతుంది కానీ 0.3 మి.మీ. వదులు. తుప్పు పట్టిన నట్టు మూలలు గుండ్రం కావడానికి ఆ మాత్రం చాలు. కింది బోల్టు బుష్ (రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టంలో పట్టేస్తుంది. సుత్తితో కొడితే మర పాడవుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి, తెల్లారాక మొదట పానాతో గిరగిరా తిరిగేలా చేసుకుని, అప్పుడే బయటికి తట్టాలి. యూఎన్‌ఎఫ్ బోల్టు కొత్తది కావాలంటే రాణిగంజ్‌లో పాతది చేతిలో పట్టుకెళ్లి చూపించడం నయం. నోటితో చెబితే మెట్రిక్‌దే చేతిలో పెడతారు.

షాకప్ రాడ్ పై చివర స్ప్రింగ్‌ను పట్టి ఉంచే పై నట్టు విప్పే ముందు స్ప్రింగ్ కంప్రెసర్లు (స్ప్రింగ్‌ను నొక్కిపట్టే బిగింపులు) రెండు, ఎదురెదురుగా. స్ప్రింగ్ రెండు ప్లేట్ల మధ్య వదులై చేత్తో తిరిగే దాకా బిగించాలి. అది కదలకముందే పై నట్టు తీయడమంటే ప్రాణంతో చెలగాటం.

సెట్టింగ్

ఈ షాకప్‌లో మార్చగలిగేది రీబౌండ్ ఒక్కటే, అంటే సాగేటప్పటి బిగువు. నొక్కుకునేటప్పటి బిగువు మారదు. రాడ్ పూర్తిగా లోపలికి వెళ్తేనే లోపలి అడ్జస్టర్ అందుతుంది, అందుకే బండి మీద ఉండగా కుదరదు.

షాకప్ కింది కన్నును (బోల్టు దూరే చోటును) బెంచ్ వైస్‌లో పట్టించాలి, అల్యూమినియం ముక్కలు అడ్డం పెట్టి. గొట్టాన్ని ఎప్పుడూ వైస్‌లో బిగించకూడదు, నొక్కుకుపోతే పిస్టన్ ఇరుక్కుంటుంది. రాడ్ మీది బంప్ రబ్బరు (షాకప్ అడుగంటకుండా ఆపే దిమ్మ) తీసేయాలి, లేకపోతే రాడ్ చివరి దాకా దిగదు. చాలామంది ‘అడ్జస్టర్ దొరకట్లేదు’ అనేది ఈ రబ్బరు వల్లే.

రాడ్‌ను అడుగు దాకా నొక్కి, నొక్కుతూనే నెమ్మదిగా ఎడమకు తిప్పాలి. ఒకచోట ‘టక్’మని గాడిలో కూర్చున్నట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి ఎడమకే ఆగేదాకా తిప్పితే సున్నా. అసలు తిరగకపోతే ఇప్పటికే సున్నాలో ఉందని అర్థం. ఇక్కడ బలం వాడొద్దు. డస్ట్ కవర్ మీద, గొట్టం మీద ఒకే గీతలో మార్కర్ గుర్తు పెట్టి, కుడికి అర చుట్టు. మొత్తం మీద రెండు చుట్ల వరకూ తిరుగుతుంది. తిప్పాక రాడ్‌ను మెలిపెట్టకుండా నిటారుగా కనీసం ఒక సెంటీమీటరు పైకి లాగితే అడ్జస్టర్ నుంచి విడిపోతుంది. లాగేటప్పుడు కాస్త మెలి పడినా సెట్టింగ్ జరిగిపోయి కుడి ఎడమల లెక్క తప్పుతుంది.

బిగించే ముందు షాకప్‌ను నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కాలి. పడుకోబెట్టి ఉంచిన షాకప్ లోపలి గొట్టంలోకి గాలి చేరుతుంది. మొదటి రెండు లాగుడుల్లో మధ్యలో ఖాళీగా జారినట్టుంటే అదే. పాడైందని అనుకోవద్దు.

తిరిగి ఎక్కించేటప్పుడు కింది బోల్టు చేతి బిగువుతో వదిలి, బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది.

చక్రం ఊడి ఉంది కాబట్టి కింది ట్రనియన్‌లో (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే మర కీలు) ఈపీ 90 గేరు నూనె కూడా పడింది. గ్రీజు కాదు, నూనె. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కూ ఇదే ట్రనియన్ పద్ధతి. షెడ్లలో గ్రీజు గన్ను చేతికందింది కదా అని గ్రీజు కొడతారు. అది మరల్లోకి పారదు, చక్రాన్ని మోసే నిలువు ముక్క, అదే వర్టికల్ లింక్, అరిగి ఒకరోజు చక్రం పక్కకు పడిపోతుంది.

రోడ్డు మీద

కొలత కోసం రాడ్‌కు సన్నటి ప్లాస్టిక్ టై ఒకటి, గీత పడకుండా వదులుగా. షాకప్ ఎంత నొక్కుకుంటే అంత పైకి జరిగి అక్కడే ఆగుతుంది. ప్రతిసారీ అదే దారి, పొద్దున ఏడింటికే: మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆరాంఘర్ దాకా, తర్వాత సర్వీస్ రోడ్డులో ఒకదాని వెంట ఒకటిగా వేసిన రంబుల్ స్ట్రిప్స్ మీదుగా. ఎండాకాలం మధ్యాహ్నం నూనె పలచబడి సెట్టింగ్ మెత్తగా అనిపిస్తుంది, పోలిక కుదరదు.

ముందు అర చుట్టు, వెనక సున్నా: తలూపడం ఒక్కసారితో ఆగింది. ఎక్స్‌ప్రెస్‌వే జాయింట్ల మీద చిన్న ‘టప్’, అంతే. బంప్ రబ్బరుకు టై ఇంకా 14 మి.మీ. దూరంలో ఉంది.

ముందు ఒక చుట్టు: నున్నటి రోడ్డు మీద బ్రహ్మాండం, స్టీరింగ్ గట్టిగా పట్టినట్టుంది. ఇక్కడే మోసపోయేది. రంబుల్ స్ట్రిప్స్ మీద టై బంప్ రబ్బరును తాకింది. కారణం: గతుకు చక్రాన్ని పైకి నెట్టింది, రీబౌండ్ బిగువుగా ఉండడంతో తర్వాతి గతుకు వచ్చేలోపు చక్రం పూర్తిగా కిందికి రాలేదు. ఆరో గీతకు ముక్కు మెట్టు మెట్టుగా కుంగి రబ్బరు మీద కూర్చుంది. స్ప్రింగ్ మెత్తబడిందనుకుని గట్టి స్ప్రింగ్ కొనేవాళ్లు ఈ టై ఒక్కటి కట్టి చూస్తే డబ్బు మిగులుతుంది. మళ్లీ విప్పి అర చుట్టుకు.

వెనక అర చుట్టు ప్రయత్నం ఒక్క పూటే. డిక్కీ ఖాళీగా ఉంటే వెనక తేలిక. ఫ్లైఓవర్ వంపులో జాయింట్ తగిలినప్పుడు చక్రం రోడ్డు వదిలి పక్కకు జరిగింది. తిరిగి సున్నా. వెనక షాకప్ విప్పేటప్పుడు వర్టికల్ లింక్ కింద జాకీ తప్పనిసరి. చక్రం ఎంత కిందికి దిగాలో ఆపేది ఆ షాకప్పే, తీసేస్తే కమాను కట్ట ఒక్కసారిగా వాలుతుంది.

ప్రస్తుతం: ముందు రెండూ అర చుట్టు, వెనక రెండూ సున్నా. ఎడమ టరెట్ లోపలి వైపు తెల్ల పెయింట్ మార్కర్‌తో రాసి ఉంది. వెనక కుడి షాకప్ కింది బుష్‌లో వెంట్రుకంత పగులు కనిపించింది. అది మార్చాక వెనక పావు చుట్టు చూడాలి.