బీకాం చదివి ఆక్యుపేషనల్ థెరపీకి

విజయనగరంలో బీకాం చేసిన నేను అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా నేర్పే చికిత్స) మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నానంటే, ఇంటికొచ్చిన వాళ్లంతా "దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా?" అంటున్నారు.

మన దేశంలో ఎంఓటీ (ఈ థెరపీలో మాస్టర్స్) చేయాలంటే బీఓటీ (ఇందులోనే డిగ్రీ) చదివి ఉండాలి. అక్కడ చాలా యూనివర్సిటీలు ఏ సబ్జెక్టులో డిగ్రీ అయినా తీసుకుంటాయి, కాకపోతే కొన్ని సబ్జెక్టులు ముందే పూర్తి చేయాలి: అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి. లిస్టు యూనివర్సిటీకొకలా ఉంటుంది. ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి అడగండి. నా బీకాం స్టాటిస్టిక్స్ సరిపోతుందా అని నేనూ అడిగాను.

అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది, ఈ కోర్సు ఎందుకో చెప్పే వ్యాసం. అందులో మా తాతయ్య గురించి రాస్తున్నాను. పక్షవాతంతో కుడిచెయ్యి పట్టు తప్పాక, థెరపిస్ట్ గారు ఆయనకి చొక్కా తొడుక్కోవడం మళ్లీ నేర్పారు. ముందు పడిపోయిన చేతికి తొడిగి, భుజం దాకా లాగి, తర్వాత మంచి చెయ్యి. స్పూను కాడకి గుడ్డ చుట్టి లావు చేశారు. ఉప్మా ఆయనే తిన్న రోజు మా అమ్మ ఏడ్చేసింది. నాకు ఈ పనే కావాలి.

ఇక చాలా చోట్ల థెరపిస్టు పక్కన ఉండి పని చూసిన గంటలు కూడా చూపించాలి. విశాఖలో ఒక పిల్లల సెంటర్ వాళ్లు సరేనన్నారు. సోమవారం నుంచి వెళ్తున్నాను.