తొంభై దాటిన ముఖానికి రెండు పూటలా

జపాన్‌లోని సైతామాలో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ ఈ చలికాలంలో నా చేతులు పట్టుకుని, పగిలిన వేలి కణుపులను చూసి, "ఈ చేతులతోనా నన్ను ముట్టుకునేది?" అని కసిరారు. కసురుతూనే సొరుగులోంచి తన క్రీము డబ్బా తీసి, నా రెండు చేతులకూ రాసి, గోళ్ల చుట్టూ మళ్లీ విడిగా అద్దారు. వృద్ధుల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదన్నది మా నియమం గనుక డబ్బా మాత్రం తిరిగి సొరుగులోకే వెళ్లింది.

ఒక్కొక్కరి సేవ ముగియగానే చేతులు కడిగి ఆల్కహాల్ రాసుకోవాలి. దానికి తోడు టోక్యో చుట్టుపక్కల ఉన్న ఈ కాంతో ప్రాంతపు పొడి చలిగాలి. పనివాళ్లను పంపడం గురించి 2021లో భారత్, జపాన్ కుదుర్చుకున్న ఒప్పందం పుణ్యమా అని ఇక్కడికి వచ్చిన నాలాంటి జగిత్యాల అమ్మాయికి, కాళ్ల మీద తెల్లగీతలు పడితే కొబ్బరినూనె పూయడం తప్ప చర్మం గురించి వేరే శాస్త్రం తెలియదు.

ఆ రోజు నుంచి ఆవిడను గమనిస్తున్నాను. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లతో, చెయ్యి కాక నురుగు మాత్రమే ముఖానికి తగిలేలా కడుగుతారు. తువ్వాలుతో రుద్దరు, అద్దుతారు. తడి ఆరకముందే నీళ్లలాంటి లోషన్ అరచేతిలో పోసుకుని బుగ్గలకూ మెడకూ నొక్కి, ఆ తడి నిలవడానికి పైన పాలలాంటి మరో లోషన్ రాస్తారు. వరండాలో కూర్చోవడానికైనా సన్‌స్క్రీన్ తప్పదు. రాత్రి కూడా ఇదే వరస, సన్‌స్క్రీన్ ఒక్కటి మినహా. అంతా మందుల దుకాణంలో దొరికే మామూలు సరుకు. సీసా ఖాళీ అయితే ప్యాకెట్ తెచ్చి అందులోనే నింపుకుంటారు. ఒళ్లు తోముకునే గరుకు తువ్వాళ్లు వీళ్లకూ ఉన్నాయి. ముఖం దగ్గరికి వచ్చేసరికే ఈ భయభక్తులు.

షిసేదో అనే ఇక్కడి సౌందర్య సాధనాల కంపెనీ 1872లో టోక్యోలోని గింజాలో మందుల దుకాణంగా మొదలై 1897లో ముఖానికి లోషన్ అమ్మింది గానీ, అంతకు ఎంతో ముందు నుంచే ఇక్కడి ఆడవాళ్లు తవుడు మూటతో ముఖం కడుక్కునేవారు, నేతిబీర తీగ నీళ్లు పూసుకునేవారు. ఆవిడ తల్లి ఆకురాలు కాలంలో తీగను నేలకు కాస్త ఎత్తున కోసి, కోసిన కొనను సీసాలో దించి రాత్రంతా వదిలేసేదట. ఆ తీగ మా కంచె మీదా పాకేది. కాయతో పప్పు వండుకున్నాం, ఎండిన పీచుతో ఒళ్లు తోముకున్నాం, తీగలోని నీటి వైపు మాత్రం ఎవరం చూడలేదు.

అయినా మా అమ్మమ్మ ముఖం పక్కన ఆవిడ ముఖం పెట్టి పోల్చడానికి నాకు మనసు రాదు. అమ్మమ్మ ఎండలో నాట్లు వేసింది, మిగిలిన పొద్దంతా తునికాకు కత్తిరించి వెయ్యి బీడీల లెక్క పూర్తి చేసింది. పొగాకు దుమ్ములో కూర్చున్న మనిషికి సన్‌స్క్రీన్ గురించి ఎవరు చెబుతారు? పైగా వీళ్లేమీ విరాగులు కారు. వేసవిలో గొడుగులు, మోచేతుల దాకా చేతితొడుగులు, అరల నిండా తెల్లదనం ఆశ పెట్టే సీసాలు ఇక్కడా ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఇలా నాలో నేనే వాదించుకుని గెలుస్తుంటాను.

గెలిచాక కూడా ఒక్కటి గుచ్చుతూనే ఉంటుంది. మా ఇంట్లో కొబ్బరినూనెకు కరువు లేదు. అదే నూనె అమ్మమ్మ మా తలలకూ కాళ్లకూ మర్దనా చేసేది, తన మడమల పగుళ్లకు మాత్రం రాసుకునేది కాదు. "ముసలిదానికి సోకులెందుకు" అని ఆమె అంటే మేమందరం నవ్వాం. మాకు నలుగు పెళ్లికి, నూనె పండక్కి, క్రీము నలుగురూ చూడటానికి. ఎవరూ చూడని గదిలో, ఫలితం పైకి కనిపించని వయసులో, ఆవిడ రెండు పూటలా తన ముఖాన్ని అంత నెమ్మదిగా పట్టించుకోవడం మొదట్లో నాకు చాదస్తంగా కనిపించింది; ఇప్పుడు అసూయగా ఉంటోంది.

స్నానం అయ్యాక తడి ఆరకముందే చేతులకూ మడమలకూ కాస్త నూనె అద్దుకొమ్మని మొన్న ఫోన్‌లో అమ్మకు చెప్పాను. "గీ వయసుల నాకెందుకే బిడ్డా! ముందుగాల నీ పెండ్లికి నలుగు పెట్టనియ్యి" అని ఆమె ఫోన్ నాన్న చేతికిచ్చింది.