పోపుల డబ్బాకి మెసేజ్‌లు రావు

క్యాష్‌లెస్, ప్రైవసీ అనగానే అందరూ గవర్నమెంట్ చూస్తుంది గూగుల్ చూస్తుంది అని మొదలుపెడతారు, నిజమే కావచ్చు, నాకు మాత్రం ముందు పోపుల డబ్బా గుర్తొస్తుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు పోపుల డబ్బాలోనో బియ్యం డ్రమ్ములోనో చీర మడతల్లోనో దాచుకునే డబ్బులున్నాయే, అవి. ఎంతుందో మగవాళ్లకి తెలీదు, తెలియకుండా ఉండటానికే కదా దాచేది. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవనేసరికి అదంతా బయటికి తియ్యాల్సొచ్చింది. గృహిణులు రెండున్నర లక్షల దాకా బ్యాంకులో వేసుకుంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అడగరు అని గవర్నమెంట్ భరోసా ఇచ్చింది. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు అడక్కపోతే సరిపోయిందా, ఇంట్లో మొగుడు అడుగుతాడుగా "ఇంత ఎక్కడిదే నీకు" అని.

మా పిన్ని సంగతే చెప్తా. అకౌంట్ ఆవిడ పేరు మీదే, ఫోన్ నంబర్ బాబాయిది, ఎందుకంటే అకౌంట్ తెరిచిన రోజుల్లో ఆవిడకి ఫోన్ లేదు, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. ఆవిడ ఏటీఎంలో రెండు వేలు తీసినా మెసేజ్ టింగుమని మోగేది బాబాయి జేబులో. యూపీఐ పెట్టుకుందామన్నా బ్యాంకులో ఇచ్చిన సిమ్ ఏ ఫోన్‌లో ఉంటే అందులోనే పనిచేస్తుంది, అంటే మళ్లీ బాబాయి ఫోనే. బాబాయి చెడ్డవాడేం కాదు, తిట్టడు కూడా, ఊరికే అడుగుతాడు అంతే, "మీ అమ్మకి పంపావా, మొన్నేగా పంపావు" అని. ఆ అడగటం చాలు, ఆవిడ తర్వాతి సారి పంపకుండా ఉండటానికి.

2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ అని ఒకటొచ్చింది. అకౌంట్ ఒకరిది, వాడుకునేది ఇంట్లో ఇంకొకరు. నెలకి 15,000 దాకా వాళ్లనే ఖర్చు పెట్టుకోనివ్వొచ్చు, లేదంటే ప్రతి పేమెంట్‌కీ అకౌంట్ ఉన్నవాళ్లే పిన్ కొట్టి ఓకే చెయ్యాలి. పెద్దవాళ్లకి, కాలేజీ పిల్లలకి పనికొస్తుంది, కాదనను. కానీ ఎన్ని ఇళ్లలో భార్య కూరగాయల బండి దగ్గర నిలబడి భర్త ఓకే కోసం చూస్తుంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

చట్టం లేదా అంటే ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు, పుట్టస్వామి కేసులో. 2023లో డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అందులో ఒక మనిషి సొంత పనికో ఇంటి పనికో వాడుకునే డేటాకి ఈ చట్టం వర్తించదు అని రాసుంది. అలా రాయక తప్పదు కూడా, లేకపోతే ఇంట్లో నంబర్లు రాసుకునే డైరీకి కూడా కేసులు పెట్టాలి. కానీ పిన్నికి మాత్రం ఈ చట్టంలో చోటు లేదు.

ఇంటి బయట ఇంకో రకం. చాలామంది యూపీఐ ఐడీ అంటే ఫోన్ నంబరే. ఆటో దిగి ఆయన సొంత నంబర్‌కి ఎనభై రూపాయలు కొడితే ఆయనకి మీ పేరూ తెలుస్తుంది, ఐడీలో నంబర్ ఉంటే నంబరూ దొరుకుతుంది. మా ఆఫీసులో ఒకమ్మాయికి రాత్రి పదింటికి "హాయ్" అని మెసేజ్ వచ్చింది ఇలాగే. నంబర్ లేని ఐడీ పెట్టుకోవచ్చు, యాప్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అమ్మాయిలున్న ఇళ్లలో ముందు ఆ పని చెయ్యండి.

ఇంక గవర్నమెంట్ చూస్తుందా అంటే, 2025 జూలైలో బెంగళూరు ఏం చూసిందో తెలుసుగా. కర్ణాటక కమర్షియల్ టాక్స్ వాళ్లు యూపీఐ లెక్కలు తెప్పించుకుని చిన్న చిన్న కొట్ల వాళ్లకి జీఎస్టీ నోటీసులు పంపారు, సరుకులైతే ఏడాదికి 40 లక్షలు, సర్వీసులైతే 20 లక్షలు దాటారని. పన్ను కట్టాల్సినవాడు కట్టాల్సిందే, నేనేం వెనకేసుకు రావట్లేదు. కానీ అదే రాష్ట్రంలో హావేరి అనే ఊళ్లో జీఎస్టీయే లేని తాజా కూరగాయలు అమ్మేవాడికి కూడా 29 లక్షల నోటీసు వెళ్లిందంటే, ఆ లెక్కలో డబ్బెంత వచ్చిందో కనపడింది కానీ దేనికొచ్చిందో కనపడలేదన్నమాట. తమ్ముడి దగ్గర తీసుకున్న అప్పూ వంకాయల బేరమూ అక్కడ ఒకటే. వారం తిరక్కుండా క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని కాగితాలు అంటించారు. గొడవ పెద్దదయ్యాక పాత బకాయిలు వసూలు చెయ్యం, రిజిస్టర్ చేసుకోండి అంది ప్రభుత్వం.

అంతా క్యాష్‌లెస్ అయిపోతోంది అనుకుంటాం గానీ చలామణిలో ఉన్న నోట్ల విలువ 2016తో పోలిస్తే రెట్టింపు దాటింది. అంటే జనం దాచుకుంటూనే ఉన్నారు. దాచుకోడానికి నోట్లున్నాయి, ఖర్చు పెట్టడానికి చిల్లర లేదు, అదీ తంటా. ఏటీఎంలలో 100, 200 నోట్లు కూడా పెట్టండని ఆర్బీఐ 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకి చెప్పింది. మా వీధి చివరి ఏటీఎం వరకు ఆ మాట ఇంకా చేరినట్టు లేదు, అన్నీ 500లే వస్తాయి, టీ కొట్టాయనకి అదిస్తే నోటు వంక కూడా చూడకుండా క్యూఆర్ వైపు వేలు చూపిస్తాడు.