పిప్‌లో దయ ఏ పేజీలో ఉంది మేడమ్?

పరీక్ష పేపర్ల గొడవ ఈరోజే తేలింది. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నా.

తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు రచయిత డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చెప్పమన్నారు. నవలలో 59 అధ్యాయాలు, నాకిచ్చినవి 14 పీరియడ్లు. ఏరుకుని చెప్పా. పిప్ అనే అనాథ కుర్రాడు పెద్దయ్యాక తన కథ తనే చెప్పుకుంటాడు. ఆ కథ ఇబ్బంది పెట్టలేదు. సమాధుల మధ్య సంకెళ్ల ఖైదీ, పెళ్లిబట్టలు విప్పని ముసలావిడ, ఎనిమిదీ నలభైకి ఆపేసిన గడియారాలు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు.

పరువు పోయింది పాత్ర చిత్రణ దగ్గర. అది కూడా అబ్జర్వేషన్ రోజున, ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో ఫైలు పట్టుకుని కూర్చుని ఉండగా. బోర్డు మీద రాశా: 'పిప్: దయ, జాలి, సాయగుణం. ఆధారం: ఖైదీకి తిండి తెచ్చిపెట్టాడు.' గైడులోదే, దాచడమెందుకు.

ఏడాదంతా నోరు విప్పని పిల్లాడొకడు చెయ్యెత్తాడు.

"మేడమ్, తేకపోతే గుండె, లివరు పీకి కాల్చుకు తినేస్తారని బెదిరించాడు కదా ఖైదీ. అది భయం కదా?"

"భయమున్నా లోపల దయ ఉందిరా."

"ఏ పేజీలో మేడమ్?"

పుస్తకం తిప్పా. దొరకలేదు. ఇంకా తిప్పా. ముందు వరసలో కిసుక్కున నవ్వులు. వెనక పెన్ను మూత తీసిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. పదిహేనేళ్ల సర్వీసు, పద్నాలుగేళ్ల పిల్లాడి ముందు చెమటలు! రిమార్కు: 'సబ్జెక్టు ప్రిపరేషన్ చాలదు.' ఆయన ఆ నవల అట్ట కూడా తిప్పి ఉండరు, అది వేరే సంగతి.

ఆ రాత్రి గైడు అటక మీద పడేసి మళ్లీ చదివా. పిల్లాడిదే రైటు. తిండి, ఆకురాయి దొంగతనంగా తెచ్చింది భయంతోనే. కానీ ఖైదీ కుక్కలా గబగబా మింగుతుంటే పిప్ ఒక మాటంటాడు: మీకు నచ్చినందుకు సంతోషం, అని. ఆ మాట అనమని ఎవరూ బెదిరించలేదు. దయ ఉన్నది అక్కడ.

మర్నాడు వెళ్లగానే "నిన్న తప్పు నాది" అని చెప్పేశా. (టీచర్లకు నా సలహా: తప్పు ఒప్పుకోండి. లెసన్ ప్లాన్ ఫారం మాత్రం ఏదో ఒకటి నింపి పడేయండి, ఎవరూ చదవరు.) అప్పట్నుంచి మా క్లాసులో ఒకటే ప్రశ్న: అవసరం లేకుండా ఏం చేశాడు? ఏమన్నాడు?

27వ అధ్యాయం దగ్గర ఇది బాగా పనిచేసింది. దొరబాబుగా మారిన పిప్‌ని చూడ్డానికి, చిన్నప్పుడు అతన్ని పెంచిన బావ, కమ్మరి జో లండన్ వస్తాడు. టోపీ ఎవరికీ ఇవ్వడు, గుడ్లున్న పిట్టగూడులా రెండు చేతులా పట్టుకుంటాడు. తర్వాత ఓ అంచున పెడితే అది మాటిమాటికీ కింద పడుతుంది. "చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక మేడమ్" అంది ఒకమ్మాయి. ఏ గైడులో ఉందండీ ఈ వాక్యం? ఇంకొకడు మరో సంగతి పట్టాడు: డబ్బిచ్చైనా జోని రాకుండా ఆపేవాణ్ణని పిప్ పెద్దయ్యాక తనంతట తానే చెప్పుకున్నాడు, అడిగిందెవరు?

ఇక పరీక్ష. 'పిప్ స్వభావం వివరించండి', 5 మార్కులు. ఆ రోజు పేజీ అడిగిన మా వాడు 'నచ్చినందుకు సంతోషం' మీదే పేజీన్నర రాశాడు. దిద్దిన పక్క సెక్షన్ టీచర్ 2 వేసి 'పాయింట్లు లేవు' అని రాసింది. దయ, జాలి, సాయగుణం అని మూడు ముక్కలు రాసినవాళ్లకు 5! స్టాఫ్‌రూములో అరగంట వాదిస్తే మూడున్నర చేసింది.